రోహిణి కార్తె దాటేలోగా వంటింటి అరలు వానలకు సర్దుకోవడం

ఎండలు ముగిసి వానలు మొదలయ్యే రోజుల్లో తెలుగువాళ్ళ వంటింటి అరలు కళకళలాడుతుంటాయి. ఆవకాయ జాడీలు నిండి ఉంటాయి, ఒడియాలు డబ్బాలకెక్కుతాయి, కొత్త చింతపండు, కొత్త కారం వచ్చి చేరతాయి. తలుపుల్లేని అరలున్న ఇంట్లో ఇంతకుమించి అలంకారం కొనక్కర్లేదు. అయితే మే నెలలో ముచ్చటగా ఉన్న అర జులైకల్లా ముక్కవాసన కొట్టకూడదంటే ఏది బయట ఉంచాలి, ఏది లోపల పెట్టాలి అన్నది తేమను చూసి తేల్చుకోవాలి. రంగుల పొందిక ఆ తర్వాతి సంగతి.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 7, 8 దాకా ఉంటుంది. రోళ్ళు పగిలే ఆ ఎండనే వాడుకోవాలి. గట్టి ఎండ కాసే రెండు రోజులు చాలు: ఒకరోజు దించి కడిగి ఎండబెట్టడానికి, ఇంకోరోజు సర్దడానికి. తొలకరి పడ్డాక మొదలుపెడితే డబ్బాల అంచుల్లో, మూతల మడతల్లో తడి ఆరదు. పప్పు ముద్దకట్టేది అక్కడినుంచే. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది కాబట్టి ఓ వారం ముందే పని పెట్టుకోండి.

ముందు అర, తర్వాతే సామాను

అన్నీ దించేశాక గోడను చేత్తో తడమండి. బయటివైపు గోడకు అమర్చిన అర అయితే ఎక్కడో ఒకచోట చల్లగా, చెమ్మగా తగులుతుంది. వానాకాలంలో గోడ చల్లబడుతుంది, అన్నం ఉడికే ఆవిరి వెళ్ళి ఆ చల్లదనానికి నీరుగా మారుతుంది, అక్కడ బూజు పుడుతుంది. అందుకే ఏ వస్తువునూ గోడకు ఆనించకూడదు. వెనకాల రెండు వేళ్ళ సందు వదిలితే గాలి ఆడుతుంది. సున్నం పెచ్చులు రాలుతుంటే మాత్రం సర్దుడు ఆపి, చెమ్మ ఎక్కణ్ణుంచి దిగుతోందో ముందు చూపించుకోవాలి.

అరల మీద పేరుకునేది వట్టి దుమ్ము కాదు. తాలింపు పొగతో లేచిన నూనె పొరకు దుమ్ము అతుక్కుని జిడ్డుకడుతుంది. చన్నీళ్ళతో తుడిస్తే ఈ జిడ్డు పరుచుకుంటుందే తప్ప ఊడదు. లీటరు వేణ్ణీళ్ళలో ఒక పెద్ద చెంచా వంటసోడా, గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు కలపండి. ఆ నీళ్ళలో గుడ్డ ముంచి అరమీద ఐదు నిమిషాలు పరిచి ఉంచి, తర్వాత తుడవండి. ఆపైన మంచినీళ్ళ గుడ్డ, చివర పొడిగుడ్డ. ఫ్యాను వేసి కనీసం మూడు గంటలు ఖాళీగా ఆరనివ్వాలి.

కడప బండ అరలకు ఒక జాగ్రత్త. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుసు, ఏ పులుపు పడినా పైపొరను తినేసి తెల్లటి మచ్చ మిగులుస్తుంది. అది మురికి కాదు, రాయే అరిగిన గుర్తు. ఎంత తోమినా పోదు. తాండూరు, షాబాదు బండలదీ ఇదే గుణం. కాబట్టి ఇత్తడి తోమే పని అరమీద కాక పెరట్లోనో, స్టీలు సింకులోనో చేయండి. బండ నల్లగా నిగనిగలాడాలని వంటనూనె పూస్తుంటారు కానీ కొన్నాళ్ళకు అది ముక్కిపోయి దుమ్ము పట్టేస్తుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ మేలు. మూడడుగుల అరకు ఒక చిన్న చెంచా పూసి, ఇరవై నిమిషాల తర్వాత మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. ప్లైవుడ్ అరలైతే అంచులు చూడండి. రంగు లేని పచ్చి అంచు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. రెండు పూతలు ఎనామిల్ వేస్తే ఆ బాధ తప్పుతుంది.

అరల్లో పరిచే న్యూస్‌పేపరును వానాకాలం నాలుగు నెలలూ పూర్తిగా తీసేయండి. తడి పీల్చిన కాగితం కింద బొద్దింకలు, వెండిపురుగులు చేరతాయి. అంచు బోసిగా ఉందనిపిస్తే బండ అంచు మీద తెల్ల ఎనామిల్‌తో సన్నటి గీతల ముగ్గు వేయండి. అరంగుళం వెడల్పు చాలు. నల్లబండ మీద తెల్లముగ్గుకు సాటి వచ్చే అంచుకాగితం లేదు.

జాడీలు

వానాకాలపు అరకు జాడీలే ప్రధానం. పాలమీగడ రంగు మీద గోధుమరంగు మూతి ఉన్న పింగాణీ జాడీలు మూడు, ఎత్తుల్లో తేడాతో పెడితే కంటికి నిండుగా ఉంటుంది. ఎప్పుడూ కింది అరలోనే పెట్టండి. బరువు ఒక కారణం. పైనుంచి దించేటప్పుడు చెయ్యి జారే ప్రమాదం మరో కారణం. గోడకు బిగించిన చెక్క అరైతే బ్రాకెట్ల మధ్య రెండడుగులకు మించి దూరం ఉండకూడదు, నిండు జాడీ సరిగ్గా బ్రాకెట్ మీదికి రావాలి.

నింపకముందే జాడీని వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. నిండిన జాడీ కింద నూనె వలయం కనిపిస్తే మెరుగుపూత చిట్లిందని అర్థం, పచ్చడి వేరే జాడీకి మార్చండి. కింద గడ్డి చుట్టకుదురు బాగుంటుంది కానీ వానల్లో బూజు పడుతుంది. చెక్క వలయమో, స్టీలు పళ్ళెమో పెట్టండి.

మూతికి కట్టే వాసెన గుడ్డే జాడీకి అందం. లోపలి గుడ్డ తెల్లటి నూలుది, రెండు మడతలు, ఉడకబెట్టి ఎండలో ఆరేసింది అయి ఉండాలి. దాని మీద పెడన కలంకారీయో, గళ్ళ తువ్వాలు ముక్కో కట్టుకోవచ్చు. ఐదంగుళాల మూతికి పదమూడంగుళాల చదరపు ముక్క కావాలి, చుట్టూ నాలుగేసి అంగుళాలు వేలాడుతుంది. రంగుగుడ్డను ఒక్కపొరగా నేరుగా కట్టకండి: పచ్చడి నూనె తగిలితే రంగు దిగుతుంది. లోపలి గుడ్డను నెలకోసారి, చెమ్మగా తగిలితే వెంటనే, మార్చాలి. ఎన్ని ముడులు కట్టినా ముక్కల పైన వేలెడు నూనె తేలకపోతే పచ్చడి నిలవదు.

ఇత్తడి, గాజు, మట్టి

ఇత్తడి వానల్లో త్వరగా మసకబారుతుంది. అందుకే వేసవిలో పదిహేను పెట్టిన చోట ఇప్పుడు ఐదు చాలు. ఒక చెంబు, ఒక మరచెంబు, చిన్న బిందె, గంటె, తాలింపు గిన్నె. నిమ్మకాయంత చింతపండు గ్లాసు నీళ్ళలో నానేసి, చెంచా ఉప్పు కలిపి, రెండు నిమిషాలు రుద్ది వెంటనే కడిగేయాలి. పులుపులో ఎక్కువసేపు వదిలేస్తే జింకు కరిగి ఇత్తడి గులాబీరంగు తిరుగుతుంది. ఉప్పు అంచుల్లో మిగిలిపోతే పచ్చటి చిలుము పడుతుంది. కడిగాక గుడ్డతో తుడిచి గంటసేపు ఎండలో పెట్టనిదే అర ఎక్కించవద్దు. అలంకారానికే ఉంచే వాటికి లిక్విడ్ పారఫిన్ పలుచగా పూస్తే మెరుపు ఇంకొన్నాళ్ళు ఉంటుంది.

గాజు సీసాల్లో కారం, పసుపు వరసగా పెడితే ఎంతో బాగుంటాయి. అయినా పెట్టకండి. వెలుతురుకు రెండూ రంగు వెలిసిపోతాయి. గాజులో పెసలు, అలసందలు, కందిపప్పు, మినుములు పెట్టండి; ఆ ఆకుపచ్చ, పసుపు, నలుపు రంగులు సరిపోతాయి. పప్పులు ఒక పూట ఎండలో పోసి, పూర్తిగా చల్లారాకే సీసాలో పోయాలి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ చేరుతుంది. నీడలో కరకరలాడేలా ఎండిన వేపాకు గుప్పెడు అడుగున వేయవచ్చు, పచ్చిగా ఉన్న ఆకు మాత్రం వద్దు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరవుతుంది కాబట్టి రాళ్ళ ఉప్పుకు మూత బిగువైన చిన్న జాడీ కావాలి. స్టీలు డబ్బాలో పోస్తే అడుగున గుంటలు పడతాయి. ఒడియాలు, అప్పడాలు, చల్లమిరపకాయలు గాలి చొరని డబ్బాల్లో లోపలే ఉండాలి, వాటిని చూపుకు పెట్టే కాలం కాదిది.

వేసవంతా నీళ్ళు పోసిన కుండను సబ్బు తగలకుండా కొబ్బరిపీచుతో తోమండి, మట్టి సబ్బును పీల్చుకుంటుంది. మూడు రోజులు ఎండబెట్టి, రెండు పుల్లల మీద బోర్లిస్తే లోపలికి గాలి ఆడుతుంది. సంక్రాంతినాటి వరి కంకుల కుచ్చు ఇంకా అరకు వేలాడుతుంటే తీసి బయట చూరుకు కట్టండి. లోపల ఉంటే పురుగు పట్టి పప్పుల్లోకి పాకుతుంది, బయటైతే పిచ్చుకలు తింటాయి.

బొమ్మల్లో కొండపల్లివి తెల్లపొణికి చెక్కవి, తడి తగలకూడదు. ఈ నాలుగు నెలలూ అద్దాల బీరువాలో పెట్టండి. ఏటికొప్పాక లక్కబొమ్మలు తేమకు కాస్త తట్టుకుంటాయి కానీ వేడికి లక్క మెత్తబడుతుంది, పొయ్యికి మూడడుగుల దూరం తప్పదు.

పచ్చదనం కోసం సీసా నీళ్ళలో మనీప్లాంటు పెట్టేవాళ్ళు నీళ్ళు వారానికి రెండుసార్లు మార్చాలి, లేకపోతే అది దోమలకు పుట్టిల్లు. అంతకంటే వామాకు కుండీ మేలు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, కిటికీ పక్క అర చాలు, వానపడే సాయంత్రం బజ్జీలకు నాలుగు ఆకులు చేతికందుతాయి.

నిలబెట్టే తీరు

నాలుగడుగుల పొడవున మూడు అరలు ఉన్నాయనుకోండి. కింద జాడీలు, నడుమ రోజూ తీసే పప్పుల సీసాలు, పైన ఇత్తడి. నేలనుంచి మూడు నుంచి ఐదున్నర అడుగుల ఎత్తులో ఉన్నదే చేతికి సులువు, రోజువారీ వస్తువు ఆ పట్టీ దాటకూడదు. ప్రతి అరలో మూడోవంతు ఖాళీ వదలండి. నిండా కుక్కిన అరను ఎవరూ తుడవరు, తుడవనిచోటే బూజు. మబ్బు పట్టిన రోజుల్లో వంటగది చీకటిగా ఉంటుంది కాబట్టి పై అర అడుగున 2700 నుంచి 3000 కెల్విన్ వెచ్చటి ఎల్‌ఈడీ పట్టీ అంటించండి. కింది సీసాల, జాడీల మెరుగు అప్పుడు బయటపడుతుంది. దాని అడాప్టరు సింకు దగ్గర ఉండకూడదు.

తర్వాత వారానికోసారి పొడిగుడ్డ, పదిహేను రోజులకోసారి ఒక్కో సీసా ఎత్తి కింద చూడడం. కాగితం, కొండపల్లి బొమ్మలు తిరిగి అర ఎక్కేది తెలంగాణలో దసరా దాటాక. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి, అక్కడివాళ్ళు సంక్రాంతి శుభ్రాల దాకా ఆగండి.