తంజావూరు చూడబోయే ముందు ఏ పుస్తకాలు చదవాలి

చాలా ఏళ్ళ కిందట చెన్నై నుంచి మేము కుటుంబంతో మొదటిసారి తంజావూరు వెళ్ళినప్పుడు, చోళుల మీద రాసిన ఒక మంచి పుస్తకాన్ని శ్రద్ధగా చదువుకుని వెళ్ళాను. పెద్దగుడి (బృహదీశ్వరాలయం) ఆవరణలో ఆ మహానందిని చూపించి, ఇది రాజరాజు చెక్కించిన నంది అని పిల్లలకు చెప్పాను. ఆ నందీ దాని మండపమూ నాయకరాజుల కాలానివని, అంటే గుడి కట్టిన కొన్ని వందల ఏళ్ళ తరువాత వచ్చినవని, ఇంటికి తిరిగి వచ్చాక తెలిసింది. నేను చదివిన పుస్తకంలో తప్పేమీ లేదు. అది చోళులతో మొదలై చోళులతోనే ముగిసింది. ఊరు మాత్రం అక్కడ ముగియలేదు. ఆనాటి నుంచి ఏ ఊరికి వెళ్ళినా పుస్తకాలను ఎంచుకునే పద్ధతి మార్చుకున్నాను. తంజావూరునే ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

పుస్తకాల దుకాణానికి వెళ్ళే ముందే చేయవలసిన పని ఒకటుంది. చూడదలచిన చోట్లను ఒక కాగితం మీద వరుసగా రాసి, ఒక్కొక్క దాని పక్కన అది ఎవరి కాలానిదో రాయండి. పెద్దగుడి అనగానే రాజరాజచోళుడు, 1010 అని రాస్తాము. అయితే లోపలి నంది నాయకులది. సుబ్రహ్మణ్యస్వామి గుడి కూడా నాయకుల కాలానిదే. గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవలో నాయకుల కాలపు చిత్రాల కింద చోళుల చిత్రాలు దాగి ఉన్నాయని 1931లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.కె. గోవిందస్వామి కనుగొన్నారు. అదే గుడి గోడల మీద 1803లో మరాఠా రాజు రెండవ శరభోజి తమ భోంసలే వంశ చరిత్రను మరాఠీలో చెక్కించారు. ఒక్క ఆవరణలోనే మూడు రాజ్యాలు, ఒకటికి మించిన భాషలు ఉన్నాయి. ఇక రాజభవనం, సరస్వతీమహల్ గ్రంథాలయం నాయకులతో మొదలై మరాఠాల చేతిలో పెరిగినవి. సముద్రతీరంలోని తరంగంబాడి కూడా చూడదలిస్తే, అక్కడి కోటకు మూలం రఘునాథనాయకుడు 1620లో డేన్‌లతో చేసుకున్న ఒప్పందం. ఇలా రాసుకున్నాక ఏ కాలం గురించి మీకు ఏమీ తెలియదో కాగితమే చెబుతుంది. పుస్తకం కావలసింది ఆ కాలానికి. తెలిసిన కాలం మీదనే మరో పుస్తకం కొనడం మనందరికీ ఉన్న అలవాటు, ఎందుకంటే తెలిసిన పేర్లు కనబడితే చేయి దానంతట అదే అటు పోతుంది.

పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నాక పది నిమిషాలు దాన్ని పరీక్షించడానికి కేటాయించాలి. మొదట ముద్రణ వివరాలున్న పుట చూడండి. నిరుడు అచ్చయిన పుస్తకం నిరుడు రాసినదే అయివుండనక్కరలేదు. కొత్త అట్టలో నూరేళ్ళ కిందటి పాఠం ఉండవచ్చు. పాతదైనంత మాత్రాన పనికిరాదని నా ఉద్దేశం కాదు. నీలకంఠశాస్త్రిగారు చోళుల మీద రెండు సంపుటాలుగా 1935, 1937లలో వెలువరించిన గ్రంథం నేటికీ తప్పించుకోలేనిది. కాని ఆయనే దాన్ని సవరించి 1955లో మళ్ళీ అచ్చువేయించారు కనుక ఆ రెండవ ముద్రణే తీసుకోవాలి. ఆ తరువాత నొబొరు కరాషిమా వంటి పండితులు శాసనాలలోని ఊళ్ళను, పేర్లను, పన్నులను లెక్కలు కట్టి భూమి ఎవరి చేతిలో ఎలా మారిందో పరిశీలించారు. ఆ పరిశోధన శాస్త్రిగారి పుస్తకంలో ఉండదు. కాబట్టి పాత మహాగ్రంథం ఒకటి తీసుకుంటే, దాని తరువాతి తరం రాసినది చిన్నదైనా ఒకటి తోడు ఉండాలి.

ఆ తరువాత విషయసూచికలో చివరి అధ్యాయం ఏ సంవత్సరంతో ముగుస్తుందో చూడండి. 1279లో చోళరాజ్యం ముగియడంతోనే పుస్తకం కూడా ముగిస్తే, అది ఊరి చరిత్ర కాదు, ఒక వంశ చరిత్ర. చివర పదసూచిక ఉందా, చెప్పిన మాటకు శాసనం సంఖ్యో గ్రంథం పేరో ఇచ్చారా అన్నది మూడవ పరీక్ష. నాలుగవది నాకు ఎంతో ఉపకరించిన పరీక్ష: ప్రచారంలో ఉన్న ఒక కట్టుకథను పుస్తకం ఎలా చెబుతోందో వెతికి చదవడం. పెద్దగుడి విమానం, అంటే గర్భగుడి మీది గోపురం, నీడ నేల మీద పడదని చాలామంది చెబుతారు. ఉదయమో సాయంత్రమో అక్కడ నిలబడిన ఎవరికైనా నీడ కనబడుతుంది. ఆ మాటను నిజమన్నట్లు రాసిన పుస్తకాన్ని నేను తిరిగి అరలో పెట్టేస్తాను. కంటితో చూడగలిగిన దాన్నే చూడని రచయిత, చూడలేని వెయ్యేళ్ళ కిందటి సంగతులను ఎంత జాగ్రత్తగా రాసివుంటాడు? శిఖరం మీదిది ఒకే రాయి అన్న మాట దగ్గర కూడా ఆధారం చూపారా లేదా అని వెతకండి.

చోళుల కాలానికి సంబంధించి సాధారణ చరిత్ర ఒకటి చాలు. దానికంటే శాసనాల అనువాదం కొద్దిగా చదవడం ఎక్కువ ఫలం ఇస్తుంది. పెద్దగుడి శాసనాలను హుల్ట్జ్ పరిష్కరించి, ఆంగ్లానువాదంతో దక్షిణ భారత శాసనాల రెండవ సంపుటంలో ప్రకటించారు. ఆ సంపుటాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. మొత్తం చదవనక్కరలేదు. మేమిచ్చినవి, మా అక్క ఇచ్చినవి, మా రాణులు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి రాతిలో చెక్కండి అని రాజరాజు ఆజ్ఞాపించిన శాసనం ఒకటి చదవండి. ఇతర ఆలయాల నుంచి రప్పించిన నాలుగు వందల మంది నర్తకీమణుల పేర్లు, వాళ్ళు ఏ వీధిలో ఏ ఇంట్లో ఉండాలో, ఒక్కొక్కరికి ఏడాదికి నూరు కలముల (కలము ఆనాటి ధాన్యపు కొలత) ధాన్యం ఎలా చేరాలో చెప్పే శాసనం మరొకటి చదవండి. ఆ గోడ ముందు నిలబడినప్పుడు అక్షరాలు చదవడం రాకపోయినా, అక్కడ ఉన్నది స్తుతి మాత్రమే కాదు, ఒక ఊరి చిరునామాల పట్టిక అని తెలిసి చూడడం వేరు.

ఇక నాయకుల కాలం. తెలుగు పాఠకులు ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. సేవప్ప, అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకులు నలుగురూ 16వ శతాబ్దం నుంచి 1673 వరకు కావేరి ఒడ్డున తెలుగు రాజసభ నడిపారు. చేమకూర వేంకటకవి విజయవిలాసం రఘునాథుని ఆస్థానంలో పుట్టింది. విజయరాఘవుని ఆస్థానంలో రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసింది. మరాఠాలు వచ్చాక కూడా తెలుగు పోలేదు. శాహజీ మహారాజు స్వయంగా తెలుగులో పల్లకిసేవ ప్రబంధం రచించాడు. మేలట్టూరులో మేలట్టూరు వేంకటరామశాస్త్రిగారి తెలుగు భాగవతమేళ నాటకాలను నేటికీ నరసింహజయంతి రోజుల్లో ఆడుతున్నారు. చెన్నైలో మూడు నాలుగు తరాలుగా ఉంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తంజావూరును కేవలం పక్కవాళ్ళ చరిత్రగా చూసి వచ్చేవాళ్ళను తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ చరిత్రలోకి వెళ్ళే వాకిలి మన భాషలోనే ఉంది.

నాయకుల రాజకీయ చరిత్రకు వృద్ధగిరీశన్ 1942లో రాసిన పుస్తకం సంఘటనల వరుస చక్కగా ఇస్తుంది. ఆ సభ ఎలా ఆలోచించేదో, అన్నదానానికీ శృంగారానికీ రాజ్యాధికారానికీ ముడి ఎలా పడిందో తెలియాలంటే వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం ముగ్గురూ కలిసి 1992లో వెలువరించిన గ్రంథం చదవాలి. తెలుగు కావ్యాలనే చరిత్రకు ఆధారాలుగా చదివిన పుస్తకం కనుక, విజయవిలాసంలో పది పద్యాలైనా రుచి చూసి దాన్ని తెరిస్తే రెండూ బాగా అర్థమవుతాయి. ఇవి ఆంగ్లంలో ఉన్నాయి. కావ్యాలు తెలుగులో వ్యాఖ్యానంతో తీసుకోవడమే మేలు.

కావ్యం తీసుకునేటప్పుడు ఎవరి పరిష్కరణ అన్నది ఎందుకు ముఖ్యమో ముద్దుపళని రాధికాసాంత్వనం చరిత్ర చెబుతుంది. మరాఠా రాజు ప్రతాపసింహుని కాలంలో రాసిన ఆ కావ్యం 1887లో అచ్చయినప్పుడు అందులో కొంత భాగం తీసివేశారు. ఆ సంగతి గమనించిన గాయని బెంగళూరు నాగరత్నమ్మగారు మంచి ప్రతి సంపాదించి, పూర్తి పాఠాన్ని 1910లో మద్రాసులో వావిళ్ళవారి ద్వారా వెలువరించారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చాక నిషేధం తొలగి, 1952లో మళ్ళీ అచ్చయింది. కాబట్టి ఏ ప్రాచీన కావ్యమైనా పీఠికలో ఏ ప్రతులు చూశారో, ఏ పద్యాలు వదిలారో చెప్పిన ముద్రణనే ఎంచుకోండి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని కట్టించినది కూడా ఆ నాగరత్నమ్మగారే. ఈ ఒక్క విషయం తెలిస్తే ఆ మందిరం ముందు నిలబడినప్పుడు మనసు మరోలా ఉంటుంది.

మరాఠాల కాలానికి కె.ఆర్. సుబ్రమణియన్ 1928 నాటి గ్రంథం ఆధారంగా చాలు. 1906 నాటి తంజావూరు జిల్లా గెజిటీరును కాలువలు, ఆనకట్టలు, పంటల కోసం చదవండి. కులాల గురించి, మనుషుల స్వభావాల గురించి అందులో ఉన్న తీర్పులను ఆనాటి అధికారి చూపుగా మాత్రమే తీసుకోండి.

నవలల మాట కూడా చెప్పాలి. కల్కి 1950 నుంచి 1954 వరకు ధారావాహికగా రాసిన పొన్నియిన్ సెల్వన్ చదివి, లేదా సినిమా చూసి బయలుదేరేవాళ్ళు ఇప్పుడు ఎక్కువ. ఆ ఉత్సాహం మంచిదే. అయితే నందిని కల్పిత పాత్ర అని, వందియదేవుని పేరు మాత్రం శాసనాలలో ఉందని, రాజరాజు అన్న ఆదిత్య కరికాలుని హత్యకు కారకుల పేర్లు ఉడయార్‌గుడి శాసనం చెబుతోందని ముందే తెలుసుకోవాలి. నా సలహా ఏమిటంటే నవలను మొదట చదివి, చరిత్రను తరువాత చదవండి. వరుస మారిస్తే నవల రుచించదు, చరిత్ర నిలవదు.

చెన్నైలో పుస్తకాల కోసం దూరం పోనక్కరలేదు. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరిచినది. దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చట్టప్రకారం చేరే గ్రంథాలయాలలో అది ఒకటి. కొనేముందు అక్కడగాని కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలోగాని ఒక పూట కూర్చుని పై పరీక్షలన్నీ చేయవచ్చు. కొనడానికి మౌంట్ రోడ్డు హిగ్గిన్‌బాథమ్స్ ఉంది, జనవరిలో పుస్తక ప్రదర్శన ఉంది. ఇంట్లో తమిళం చదవగలిగిన పిల్లలుంటే వాళ్ళకు ఒక మంచి తమిళ పుస్తకం ఇచ్చి, కావ్యం పెద్దవాళ్ళు చదివితే, భోజనాల దగ్గర రెండూ కలుస్తాయి. మా ఇంట్లో రెండవ ప్రయాణానికి ముందు అలాగే జరిగింది. అమ్మాయి చదివిన శాసనంలోని రాజరాజు అక్క కుందవైని మా అత్తగారు పేరుపెట్టి అడగడం మొదలుపెట్టారు.

మొత్తం మీద మూడు పుస్తకాలు, రెండు నెలల సమయం పెట్టుకోండి. అంతకు మించితే ఏదీ పూర్తికాదు. రాత్రి రైలులో తీసుకువెళ్ళడానికి పుస్తకాల కంటే మీరు రాసుకున్న కాగితమే ఉపయోగం, దాని పక్కన ఒక్కొక్క చోటు కోసం రెండేసి వాక్యాలు చేర్చుకుంటే సరిపోతుంది. సంచిలో మాత్రం ఖాళీ ఉంచుకోండి. సరస్వతీమహల్ తాను అచ్చువేసిన గ్రంథాలను అక్కడే అమ్ముతుంది, వాటిలో తెలుగువి కూడా ఉన్నాయి. రెండవసారి వెళ్ళినప్పుడు అక్కడ కొన్న యక్షగానం ఒకటి తిరుగు రైలులో మొదలుపెట్టాను. పిల్లలు నిద్రపోయాక, చిదంబరం దాటేవరకు చదువుతూనే ఉన్నాను.