జొన్నపిండి, కందగడ్డలతో కేకు చేయడం ఎలా?

మైదా తీసేసి అదే కొలతకు జొన్నపిండి, చక్కెర తీసేసి అదే కొలతకు బెల్లం. ఆరోగ్యకరమైన కేకు పేరుతో తిరిగే వంటల్లో సగం ఈ లెక్కతోనే నడుస్తాయి. అలా చేస్తే కోసేటప్పుడు కేకు పొడిపొడిగా రాలిపోతుంది, తీపి మాత్రం తగ్గదు. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం కేకు ఎంతైనా తినొచ్చనేది ఉత్త మాట. మొత్తం తీపి తగ్గాలి, పీచు పెరగాలి, అయినా పిల్లలు ఇంకో ముక్క అడగాలి. అందుకు బతుకమ్మ మలీదలో రొట్టె, బెల్లం కలిపే మన వంటింట్లో కావలసినవన్నీ ఉన్నాయి.

7 అంగుళాల గిన్నెకు కావలసినవి: జొన్నపిండి 200 గ్రాములు, ఉడికించి మెదిపిన కందగడ్డ 200 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, పుల్లటి పెరుగు 5 పెద్ద చెంచాలు, గుడ్లు 2, పల్లి నూనె 4 పెద్ద చెంచాలు, నీళ్లు 100 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ 1 చిన్న చెంచా, వంట సోడా అర చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, కొంచెం యాలకుల పొడి, సొంటి పొడి, పైన చల్లడానికి గుప్పెడు నువ్వులు.

ముందు కందగడ్డ

కోస్తావాళ్లు చిలగడదుంప అనేది ఇదే. శివరాత్రి ఉపవాసాలప్పుడు వరంగల్ అంగళ్లలో ఎటు చూసినా ఇవే ఉంటాయి, మంచి గడ్డలు దొరికేదీ అప్పుడే. తెల్లవైనా, లోపల నారింజ రంగువైనా పనికొస్తాయి. నారింజ రంగు వాటిలో బీటా కెరోటిన్ ఎక్కువ, కేకుకు రంగూ బాగుంటుంది.

వీటిని కుక్కర్లో నీళ్లు పోసి మూడు విజిళ్లు వేయించకండి. గడ్డ నిదానంగా వేడెక్కుతున్నప్పుడు అందులోని ఎంజైమ్ పిండి పదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. వేడి ఒక్కసారిగా ఎక్కితే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. నీళ్లలో ఉడికితే ఉన్న తీపి కూడా నీళ్లలోకి దిగుతుంది. తొక్కతోనే ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద, సన్న మంటపై మెత్తబడేదాకా ఉంచండి. నిప్పుల మీద కాల్చే వీలుంటే మరీ మంచిది. కేకులో బెల్లం 100 గ్రాములతో సరిపోవడానికి కారణం ఈ తీపే. తొక్క తీసి, మెదిపి, జల్లెడలో రుద్దితే నారలన్నీ పైనే ఉండిపోతాయి.

జొన్నపిండిని లొంగదీయడం

జొన్నలో గ్లూటెన్ లేదు. గోధుమ పిండిలా సాగదు, గాలిని పట్టి ఉంచదు. మరి రొట్టెలు చేసేవాళ్లు ఏం చేస్తారు? మసిలే నీళ్లు పోసి పిండి కలుపుతారు. ఆ వేడికి పిండి పదార్థం జిగురెక్కి ముద్ద విరగకుండా నిలుస్తుంది. కేకుకూ అదే ఉపాయం.

100 మిల్లీలీటర్ల నీళ్లలో బెల్లం కరిగించి వడకట్టండి. మట్టి, నలకలు లేని బెల్లం అరుదు కాబట్టి ఈ పని మానొద్దు. మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం, అంటే ప్రసాదం బెల్లం, ఇంట్లో ఉంటే అదీ వాడుకోవచ్చు. గుడ్డేసిన కేకులో ప్రసాదమా అని ఎవరైనా అంటే, సమ్మక్క సారలమ్మలకు కోళ్లు, మేకలు మొక్కే జాతర అదని గుర్తు చేయండి. వడకట్టిన బెల్లం నీళ్లను మళ్లీ మసలనిచ్చి, పిండిలో నాలుగో వంతు, అంటే 50 గ్రాముల మీద పోసి ఉండలు లేకుండా గిలక్కొట్టండి. చిక్కటి గంజిలా అవుతుంది. గోరువెచ్చగా అయ్యేదాకా పక్కన పెట్టండి, లేకపోతే గుడ్డు అందులోనే ఉడికిపోతుంది.

పిండి గిర్నిలో కొత్తగా పట్టించిందైతే మేలు. పాతబడితే చేదెక్కుతుంది. మెత్తగా పట్టించి, జల్లించకుండా వాడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాముల దాకా ఉంటే, మైదాలో 3 గ్రాములు కూడా లేదు. పొట్టు పారబోస్తే ఆ తేడాలో కొంత పోయినట్టే. గోధుమ అస్సలు పడనివాళ్లు ఒకటి చూసుకోవాలి: చాలా గిర్నీల్లో గోధుమలు, జొన్నలు ఒకే రాయి మీద పడతారు.

కలపడం, కాల్చడం

చల్లారిన జొన్న గంజిలో కందగడ్డ ముద్ద, పెరుగు, నూనె, గుడ్లు వేసి బాగా గిలకొట్టి, మిగిలిన పిండి, ఉప్పు, యాలకులు, సొంటి కలపండి. అరగంట మూత పెట్టి వదిలేయండి. ఈ అరగంట దాటవేస్తే తినేటప్పుడు నాలుకకు ఇసుకలా తగులుతుంది. నానాక పిండి గారెల పిండి కన్నా పలుచగా, దోశ పిండి కన్నా చిక్కగా ఉండాలి. బిగుసుకుంటే రెండు చెంచాల పాలు పోయండి. సోడా, బేకింగ్ పౌడర్ చివర్లోనే కలపాలి. పెరుగు పులుపు తగలగానే సోడా బుడగలు మొదలవుతాయి, ఇక ఆలస్యం చేయొద్దు. నూనె రాసిన గిన్నెలో పోసి నువ్వులు చల్లండి.

ఓవెన్ ఉంటే ముందే వేడి చేసి 170 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. 180 వద్దు, బెల్లం వల్ల పైభాగం త్వరగా నల్లబడుతుంది. ఓవెన్ లేకపోతే పాత కుక్కర్ చాలు. గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేసి, అడుగున అంగుళం మందాన ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, 10 నిమిషాలు మధ్యస్థ మంట మీద వేడెక్కించండి. నీళ్లు పోయకూడదు. తర్వాత కేకు గిన్నె దించి సన్న మంట మీద 50 నిమిషాలు. మొదటి అరగంట మూత ముట్టుకోవద్దు. పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకుండా రావాలి. కందగడ్డ తడి కొంచెం అంటినా పరవాలేదు.

వేడి మీద కోస్తే ఖాయంగా ముక్కలవుతుంది. కనీసం రెండు గంటలు ఆగండి.

గుడ్డు తిననివాళ్లు 2 పెద్ద చెంచాల అవిసెల పొడిని 6 పెద్ద చెంచాల నీళ్లలో నానబెట్టి వేసుకోవచ్చు. కేకు అంతగా పొంగదు, ముద్దగా వస్తుంది. నాకైతే గుడ్డుదే నచ్చుతుంది.

ఎండుద్రాక్షకు బదులు ఇప్పపువ్వు

ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఆ ఎండు పువ్వు దొరికితే కడిగి, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి, నీళ్లు పిండేసి, తరిగి పావు కప్పు కేకులో వేయండి. సారా గుర్తొచ్చి నవ్వేవాళ్లుంటారు. పులియబెట్టి కాస్తేనే మత్తు, ఎండు పువ్వులో ఉండేది తీపే. ఆ తీపి తక్కువేం కాదు, కాబట్టి బెల్లం 20 గ్రాములు తగ్గించండి.

ఈ కేకులో తడి ఎక్కువ. వరంగల్ ఎండాకాలంలో బయట ఒక్క రోజుకు మించి ఉంచొద్దు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటుంది, కానీ గట్టిపడుతుంది. తినేముందు ముక్కను పెనం మీద చుక్క నెయ్యితో రెండు వైపులా వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది, అంచులు కరకరలాడతాయి.