అరిగింది తాళంచెవా, తాళమా? పాత కార్లలో సమస్య - పరిష్కారం

పాత మారుతి 800, జెన్, ఇండికా నడిపేవాళ్లకు ఈ తిప్పలు కొత్తవి కావు. చెవి ఇగ్నిషన్‌లోకి వెళ్తుంది కానీ తిరగదు. వెంట్రుకవాసి బయటికి లాగి, అటూ ఇటూ కదిపితే తిరుగుతుంది. నెలల తరబడి అలాగే నెట్టుకొస్తారు. ఒకరోజు పూర్తిగా మొండికేస్తే, వీధి చివర డూప్లికేట్ తాళాలు చేసే చోటికి పరుగెత్తి ఆ అరిగిన చెవికే నకలు తీయిస్తారు. కొత్త చెవి కూడా అంతే మొరాయిస్తుంది. నకలు తీసే మిషన్‌లో ఒకపక్క పాత చెవి మీద గైడు పాకుతుంటే, రెండో పక్క కట్టర్ అదే దారిలో కొత్త ఇత్తడిని కోస్తుంది. ఇరవై ఏళ్ల అరుగుదల కూడా యథాతథంగా కొత్త చెవిలోకి దిగుతుంది. దానికి మిషన్ తేడా కొంత కలుస్తుంది. నకలుకు నకలు తీయిస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఈ కార్ల తాళం లోపల వరసగా సన్నని ఇత్తడి పలకలుంటాయి, ఒక్కోదానికి చిన్న స్ప్రింగు. చెవి మీది ప్రతి గంటూ తన పలకను సరిగ్గా గొట్టం (చెవితో పాటు తిరిగే భాగం) అంచుతో సమానంగా నిలపాలి. ఒక్క పలక పైకో కిందికో పొడుచుకొచ్చినా తాళం తిరగదు. గంటు లోతుల్లో ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ ఉండే తేడా అర మిల్లీమీటరు చుట్టుపక్కలే. అందులో సగం అరిగినా పలక ఏ మెట్టుకూ చెందని చోట ఆగిపోతుంది. అన్నిటికంటే ఎక్కువ అరిగేది చెవి కొన, ఎందుకంటే పెట్టిన ప్రతిసారీ అన్ని పలకలనూ రాసుకుంటూ పోయేది అదే. తాళం వైపు చూస్తే మూతి దగ్గరి మొదటి పలక ముందు పోతుంది.

చెవి వెళ్తోంది, తిరగడం లేదు

ముందు స్టీరింగ్ చూడండి. చక్రాలు వంకరగా ఉండగా బండి ఆపితే స్టీరింగ్ లాక్ కడ్డీ మీద బరువు పడి తాళం బిగుసుకుంటుంది. అది చెవి తప్పు కాదు. ఎడమచేత్తో స్టీరింగ్‌ను మెల్లగా రెండు వైపులా ఆడిస్తూ కుడిచేత్తో చెవి తిప్పండి. బలం పెట్టొద్దు, చెవి విరిగేది ఇలాంటప్పుడే.

దానికీ లొంగకపోతే బీరువాలోని స్పేర్ చెవి తీయండి. కారుతో వచ్చిన అసలుదైతే మంచిది. స్పేర్ హాయిగా తిరిగితే అరిగింది మీరు రోజూ వాడే చెవి. రెండూ ఒకేలా మొండికేస్తే తాళంలో దుమ్మో, అరుగుదలో ఉంది.

స్పేర్ లేకపోతే ఇంకో పరీక్ష ఉంది. రెండంచులూ ఒకేలా కోసిన చెవి అయితే తిరగేసి పెట్టి చూడండి. ఈ తాళాల్లో సాధారణంగా ఒక పలక పై అంచును చదివితే పక్కది కింది అంచును చదువుతుంది. ఎప్పుడూ ఒకే వైపుగా పెట్టే అలవాటుంటే పలకలు ఆగే గంట్లు ఎక్కువ అరిగి, మిగతావి కొంత నయంగా ఉంటాయి. తిరగేస్తే పని జరిగిందంటే రోగం చెవిదే. కొత్తది చేయించేదాకా అలా నడుస్తుంది.

చెవిని వెలుతురుకు ఎత్తి చూసినా తెలుస్తుంది. పళ్ల శిఖరాలు బోడిగా గుండ్రబడ్డాయా, వాలులు నునుపై మెరుస్తున్నాయా, నికెల్ పూత పోయి పసుపు ఇత్తడి బయటపడిందా? అలాగే అన్నిటికంటే లోతైన గంటు మూలను టార్చితో చూడండి. వెంట్రుకంత గీత కనిపిస్తే అది పగులు. ఆ చెవిని ఆ రోజుతోనే పక్కన పెట్టండి. వంగిన చెవిని రెండు చెక్కముక్కల మధ్య బిగించి ఒక్కసారి సరిచేయవచ్చు. అదీ కొత్తది చేయించుకోవడానికి మాత్రమే, మళ్లీ వాడకానికి కాదు. అరిగిన పళ్ల మీద సోల్డర్ పోయించి ఆకురాయితో రుద్దే చిట్కా ఒకటి చలామణిలో ఉంది. సోల్డర్ మెత్తన, నాలుగు రోజుల్లో పొట్టులా రాలి తాళంలో చేరుతుంది. దాని జోలికి పోకండి.

సరైన కొత్త చెవి ఎలా వస్తుంది

మూడు దారులున్నాయి, మంచి నుంచి చెడుకు ఇదే వరస.

మొదటిది చెవి నంబరు. కొత్త కారుతో చెవుల గుత్తికి చిన్న రేకు బిళ్ల వస్తుంది, దాని మీద చెక్కి ఉండేదే అది. మాన్యువల్ సంచిలోనో, పాత ఇన్‌వాయిస్ కాగితాల మధ్యనో దొరకవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు పాత ఓనర్‌కు ఒక ఫోన్ చేసి అడగడం దండగ కాదు. కొన్ని మోడళ్లలో తలుపు తాళం గొట్టం మీదే నంబరు కొట్టి ఉంటుంది, తలుపు లోపలి ప్యాడ్ విప్పితే కనిపిస్తుంది. నంబరుతో కోస్తే అరుగుదల సంగతే రాదు, ఫ్యాక్టరీ కొలతలే వస్తాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆర్డర్ పెట్టాలంటే ఆర్సీ, ఓనర్ గుర్తింపు కార్డు చూపించాలి. అన్నట్టు, ఆ నంబరున్న బిళ్లను గుత్తికే తగిలించుకుని తిరగొద్దు, ఫొటో తీసి ఎక్కడా పెట్టొద్దు. నంబరు తెలిస్తే మీ చెవి ఎవరైనా కోయించుకోగలరు.

రెండోది, వాడని స్పేర్ నుంచి నకలు. కోసిన కొత్తదాన్ని రోజువారీకి పెట్టుకుని, అసలుదాన్ని మళ్లీ బీరువాలో పెట్టండి.

మూడోది, అరిగిన చెవిని చదివి సరిదిద్దడం. పనితనమున్నవాడు ఆ చెవిని మిషన్ ఎక్కించడు. ఒక్కో గంటు లోతును వెర్నియర్ అనే సూక్ష్మ కొలత పరికరంతో కొలిచి, అరిగిన కొలతను దగ్గరి సరైన మెట్టుకు పెంచి, ఆ లెక్కతో కోస్తాడు. అనుమానం వస్తే డిక్కీ తాళమో, గొట్టం ఉంటే ఎడమ తలుపు తాళమో విప్పి పలకలు చూస్తాడు. అవి చెవితో తెరిచేది అరుదు కాబట్టి కొత్తవాటిలా ఉంటాయి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల విచారిస్తే ఈ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. పాత చెవి చూడగానే చేతిలోంచి లాక్కుని మిషన్‌కు బిగించేవాడి దగ్గర ఆగకండి.

బ్లాంక్ (ఇంకా గంట్లు కోయని చెవి) విషయంలో రెండు చూడాలి: పక్కల ఉన్న గాడులు పాత చెవితో అచ్చంగా కలవాలి, మందం కూడా కలవాలి. పలచని బ్లాంక్ తాళంలో ఊగుతుంది.

కొత్త చెవి కూడా సరిగ్గా పనిచేయడం లేదు

డబ్బులిచ్చేముందే అన్ని తాళాల్లో పరీక్షించండి, ముందు తలుపు దగ్గర, అద్దం దించి ఉంచి. తర్వాత ఇగ్నిషన్‌లో ప్రతి స్థానానికీ తిప్పి, చెవి బయటికి తీసి చూడాలి.

- పూర్తిగా వెళ్లడం లేదు: అంచుల్లో రజను మిగిలింది, లేదా గాడి తేడా. రజనైతే ఇత్తడి బ్రష్షుతో పోతుంది. గాడి తేడా అయితే బ్లాంకే మారాలి.
- మిల్లీమీటరు వెనక్కి లాగితేనే తిరుగుతోంది: గంట్లు కొన వైపు జరిగి కోసుకున్నాయి, మిషన్‌లో చెవి భుజం (తల కింద తాళం మూతికి ఆనే అంచు) సరిగ్గా ఆనలేదు. ఇంకో బ్లాంక్ మీద మళ్లీ కోయాల్సిందే. ఆకురాయితో సర్దబోతే లోతులు కూడా పోతాయి.
- తలుపులు తెరుస్తోంది, ఇగ్నిషన్ తిప్పడం లేదు: తలుపు తాళాల్లో చాలాసార్లు పలకలు తక్కువుంటాయి, చిన్న తప్పును భరిస్తాయి. ఇగ్నిషన్ భరించదు.

రెండు చెవులూ గట్టిగా తిరుగుతున్నాయి

తాళం లోపల మురికి. ఎక్కువగా ఎవరో మంచి ఉద్దేశంతో పోసిన కొబ్బరినూనె దీనికి కారణం. నూనె దుమ్మును పట్టి జిగురవుతుంది, స్ప్రింగులు లేవవు. నూనె పోసిన తాళంలో నేరుగా గ్రాఫైట్ పొడి వేస్తే ముద్ద అవుతుంది. కాబట్టి ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, చెవిని పదిసార్లు పెట్టి తీస్తూ ప్రతిసారీ గుడ్డతో తుడవండి. పూర్తిగా ఆరాక చిటికెడు గ్రాఫైట్ పొడి చాలు. అది దొరక్కపోతే మెత్తని పెన్సిల్‌ను చెవి రెండు వైపులా బాగా రుద్ది లోపలికీ బయటికీ ఆడించండి. పెట్రోలుతో, కిరోసిన్‌తో కడగొద్దు. గొట్టం వెనకే విద్యుత్ స్విచ్ ఉంది.

ఇంజిన్ నడుస్తుండగానే చెవి ఊడి చేతికొస్తోంది

ఇది తాళం అరిగిపోయిన గుర్తు. స్క్రూడ్రైవర్‌కు కూడా తిరిగే స్థితికి దగ్గర పడింది. పలకలు దొరికితే తాళం విప్పి వాటినే మార్చి, ఉన్న నంబరుకే కట్టించవచ్చు. ఇదే చవక. లేదంటే ఇగ్నిషన్ గొట్టం మార్చాలి. అదొక్కటే మారిస్తే ఇంజిన్‌కు ఒక చెవి, తలుపులకు ఒక చెవి అవుతుంది. రెండు చెవులు మోయడం ఇష్టం లేకపోతే మొత్తం లాక్ సెట్ తీసుకోండి. స్టీరింగ్ లాక్‌ను చాలా కార్లలో బిగించగానే తల తెగిపోయే బోల్టులతో కట్టి ఉంటారు, ఊడదీయడానికి ఉలి లేదా డ్రిల్ కావాలి. ఇంటి దగ్గర మొదలుపెట్టే పని కాదు. సెట్ మార్చాక గుత్తి తేలిక చేయండి. ఇంటి చెవులన్నీ వేలాడుతూ ఊగితే ఆ బరువంతా తాళమే మోస్తుంది.

చెవి తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు

డ్యాష్‌బోర్డు దీపాలే వెలగకపోతే బ్యాటరీ, ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి, చెవి కాదు. స్టార్టర్ తిరిగి ఇంజిన్ అందుకోకపోయినా, అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోయినా, డ్యాష్‌బోర్డులో చెవి బొమ్మ దీపం మిణుకుమిణుకుమంటున్నా ఇమ్మొబిలైజర్‌ను (చెవిలోని చిప్‌ను గుర్తుపడితేనే ఇంజిన్‌ను నడవనిచ్చే ఏర్పాటు) అనుమానించండి. 2000 తర్వాతి చాలా బండ్లలో చెవి తలలో చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే శక్తి తీసుకుంటుంది. కాబట్టి రిమోట్‌లో సీఆర్ 2032 సెల్ మార్చినంత మాత్రాన ఇది బాగుపడదు. ఇంకో చిప్ చెవి అదే గుత్తికి ఉంటే తీసి ప్రయత్నించండి.

పగిలిన చెవి తల మార్చేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు: చిప్ పాత తలలోనే అతుక్కుని ఉంటుంది. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దగా, నల్లగానో గాజుగొట్టంలాగానో ఉంటుంది. చూసుకోకుండా పాత డొల్ల పారేస్తే చిప్ కూడా చెత్తబుట్టలోకి పోతుంది. కొత్త చిప్‌ను గుర్తుపట్టేలా బండికి నేర్పించడానికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న చెవులన్నీ తీసుకెళ్లండి. కొన్ని బండ్లలో ఎదుట లేని చెవులు బండి గుర్తుంచుకున్న జాబితాలోంచి చెరిగిపోతాయి. చిప్ లేని మామూలు నకలు ఒకటి చేయించి పర్సులో పెట్టుకుంటే, చెవి లోపల మరచి తలుపు వేసుకున్న రోజు పనికొస్తుంది. తలుపు తెరుస్తుంది, బండి మాత్రం కదలదు.

చెవి లోపలే విరిగింది

ఫెవిక్విక్ పూసి అతికించి లాగే ఆలోచన మానుకోండి, పలకలే అతుక్కుపోతాయి. తిప్పుతుండగా విరిగితే ముందు సన్నని స్క్రూడ్రైవర్ మొనతో తాళాన్ని చెవి పెట్టే స్థానానికి తేవాలి, అప్పుడుగానీ ముక్క కదలదు. తర్వాత సన్నని ఫ్రెట్ సా (సన్నని రంపం) బ్లేడును పళ్లు మీ వైపు ఉండేలా, చెవి గంట్లున్న అంచు వెంట దూర్చి, కొద్దిగా మెలితిప్పి లాగండి. రెండంచుల చెవికి రెండు బ్లేడులు కావాలి. ముక్కలు రెండూ దాచండి, కలిపి పెట్టి కొలిస్తే కొత్త చెవి కోయవచ్చు.

చెవి పోయినా, లాక్ సెట్ మార్పించినా కాగితాలు ఉంచుకోండి. కారు దొంగతనం క్లెయిమ్‌లో బీమా కంపెనీలు రెండు చెవులూ అడుగుతాయి. పోయిన దానికి పోలీసు ఫిర్యాదు నకలు, మార్చిన తాళాలకు బిల్లు చూపలేకపోతే చిక్కే.