టార్గెటింగ్ మీద వాదించే ముందు చూడవలసినవి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో టార్గెటింగ్‌కు, అంటే హెల్మెట్ నడినెత్తితో గానీ తలకో మెడకో గురిపెట్టి గానీ బలంగా కొట్టే తప్పుకు, రెఫరీ జెండా పడగానే మా తమ్ముడు గొంతు చించుకుంటాడు. నేను మాత్రం రీప్లే కోసం ఆగుతాను. మీరూ ఆగండి.

ముందుగా, డిఫెండర్ (బంతి ఉన్న జట్టును అడ్డుకునే ఆటగాడు) హెల్మెట్ నడినెత్తితో పొడిచాడా? అలాగైతే ఎదుటివాడు ఎవరైనా తప్పే. భుజంతోనో ముంజేతితోనో తలనో మెడనో బలంగా కొట్టి ఉంటే మాత్రం, దెబ్బ తిన్నవాడు కాచుకోలేని స్థితిలో ఉండాలి.

క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడి దగ్గరే చిక్కంతా. బంతి విసురుతున్నప్పుడు, విసిరిన మరుక్షణం, కాళ్లు ముందుకు చాపి జారినప్పుడు అతనికి ఆ రక్షణ ఉంటుంది. బంతి పట్టుకుని పరుగెత్తుతుంటే మాత్రం అందరిలాంటి రన్నరే. అందుకే బంతి చేతిని వదిలిన ఫ్రేము దగ్గర రీప్లే ఆపండి. అక్కడి నుంచి డిఫెండర్ పాదాలు చూడండి: నేల వదిలి ఎగిరాడా, ముడుచుకుని పైకి దూసుకొచ్చాడా, తల దించాడా? ఇలాంటి సూచన ఒక్కటైనా కనబడాలి. చప్పుడు పెద్దగా వచ్చిందన్నది రుజువు కాదు. చాలామంది అక్కడే బోల్తా పడతారు.

శిక్ష సంగతి వేరే వాదన, రెండింటినీ కలపకండి. 15 గజాల పెనాల్టీతో పాటు ఆటగాణ్ని బయటికి పంపడం 2013లో మొదలైంది. అప్పటి నిబంధన ప్రకారం, రెండో సగంలో దొరికితే తర్వాతి మ్యాచ్ మొదటి సగం కూడా పోయేది. తల దించి దూకినవాడికి అది తగినదే. ఆఖరి క్షణంలో క్వార్టర్‌బ్యాక్ వంగడం వల్ల తగిలిన దెబ్బకు మాత్రం 15 గజాలు చాలునని నా పట్టు.