వర్డ్‌ప్రెస్ సైట్‌లో మెంబర్‌షిప్ స్థాయిలు, గడువులు

పెయిడ్ మెంబర్‌షిప్స్ ప్రో ప్లగిన్‌లో కొత్త లెవెల్ తెరిచి పేరు, మొదటి చెల్లింపు నింపండి. ఏడాది సభ్యత్వమైతే ఎక్స్‌పైరేషన్ పెట్టెలో టిక్ పెట్టి 1, ఇయర్ ఎంచుకోండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే: నెలనెలా డబ్బు కట్ అయ్యే రికరింగ్‌నీ, గడువునీ ఒకే లెవెల్‌కి పెట్టేస్తారు. దాంతో సక్రమంగా కడుతున్న సభ్యుడికి కూడా గడువు రాగానే తలుపు మూసుకుపోతుంది. రెండిట్లో ఒకటే ఉంచండి.

లెవెల్‌కి పెట్టిన గడువును తర్వాత మార్చినా పాత సభ్యుల తేదీలు మారవు. వాళ్లవి విడిగా దిద్దాలి.

గోల్డ్, సిల్వర్ అని రెండు లెవెల్స్ ఉంటే, గోల్డ్ తీసుకున్నవారికి సిల్వర్ పేజీలు వాటంతటవే తెరుచుకోవు. ప్రతి సిల్వర్ పేజీ ఎడిటర్‌లో, రిక్వైర్ మెంబర్‌షిప్ కింద, రెండిటికీ టిక్ పెట్టాలి.

గడువు దాటినా సభ్యత్వం రద్దవకపోతే వర్డ్‌ప్రెస్ క్రాన్ (నిర్ణీత వేళకు పనులు నడిపే ఏర్పాటు) చూడండి. సందర్శకులు వస్తేనే అది కదులుతుంది. రద్దీ తక్కువైతే హోస్టింగ్ ప్యానెల్‌లో సందర్శకులతో పనిలేకుండా నడిచే సర్వర్ క్రాన్ పెట్టడమే మేలు.