స్పీడింగ్ టికెట్ పడిందా? డబ్బు కట్టేసే ముందు ఒక్కసారి ఆగండి

అమెరికాలో స్పీడింగ్ టికెట్ పడగానే మనవాళ్లు ఎక్కువమంది చేసే పని, ఆ రాత్రే లాప్‌టాప్ తెరిచి కార్డుతో ఫైన్ కట్టేయడం. మొదటిసారి నేనూ అదే చేశాను. కోర్టు అన్న మాట వింటేనే గుండె దడ, వీసాకి ఏమైనా అవుతుందేమోనని టెన్షన్, పీడ వదిలితే చాలనుకున్నాను. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమేనని, ఆ ఒప్పుకోలు డ్రైవింగ్ రికార్డు మీద పాయింటుగా ఎక్కుతుందని, అది చూసి ఇన్సూరెన్స్ వాళ్లు ఏళ్ల తరబడి ప్రీమియం పెంచుతారని తెలిసేసరికే చేతులు కాలాయి. ఫైన్‌కి పోయిన దానికంటే ఇన్సూరెన్సుకి పోయిందే ఎక్కువ. రెండోసారి పడినప్పుడు కోర్టులో పోరాడి కొట్టేయించుకున్నాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. కాప్ ఇచ్చిన టికెట్ మీద సంతకం పెట్టినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు. ఫలానా తేదీలోగా జవాబు చెప్తాను లేదా కోర్టుకి వస్తాను అన్న మాట ఇచ్చినట్టు, అంతే. ఆ కాగితంలో మీరు మొదట చూడాల్సింది ఫైన్ ఎంతన్నది కాదు, ఏ సెక్షన్ కింద రాశారన్నది. మీ కేసు ఎంత సీరియస్, వాదించడానికి ఏ దారి ఉంది అన్నవి ఆ నంబర్‌ని బట్టే ఉంటాయి. ఉదాహరణకి కాలిఫోర్నియాలో 22350 అని ఉంటే, ఆ రోడ్డు పరిస్థితికి మీ వేగం సేఫ్ కాదని ఆరోపణ. ట్రాఫిక్ లేదు, రోడ్డు పొడిగా ఉంది, వెలుతురు బాగుంది, ఆ వేగం సేఫే అని వాదించే అవకాశం మీకుంటుంది. అదే 22349 అని ఉంటే ఫ్రీవే మీద గంటకి 65 మైళ్ల లాంటి గరిష్ఠ పరిమితి దాటారని అర్థం, అక్కడ ఈ సేఫ్ వాదన పనికిరాదు. రెండూ స్పీడింగ్ టికెట్లే, కానీ కేసులు వేరు.

వర్జీనియాలో ఉన్నవాళ్లు, ఆ మీదుగా డ్రైవ్ చేసేవాళ్లు ఈ ముక్క తప్పకుండా చదవండి. అక్కడ లిమిట్ కంటే 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా, లిమిట్ ఎంతైనా సరే 85 దాటినా, అది రెక్‌లెస్ డ్రైవింగ్ (నిర్లక్ష్యంగా, ప్రమాదకరంగా నడపడం) కిందకి రావచ్చు. అది మామూలు ట్రాఫిక్ టికెట్ కాదు, క్రిమినల్ కేసు, క్లాస్ 1 మిస్‌డిమీనర్. చట్టం ప్రకారం 12 నెలల వరకు జైలు, 2,500 డాలర్ల వరకు ఫైన్ ఉండొచ్చు. అలాంటి కాగితం చేతికొస్తే ఇంకేం చదవక్కర్లేదు, నేరుగా అక్కడి ట్రాఫిక్ లాయర్‌ని పెట్టుకోండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లయితే ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడండి. ఆ డబ్బు దగ్గర వెనకాడకండి.

ఇక మామూలు టికెట్ సంగతి. టికెట్ మీద గడువు తేదీ ఉంటుంది. అది ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి, వారం ముందు మోగేలా ఇంకో అలారం కూడా. గడువు దాటిందంటే టికెట్ సంగతి అటుంచి, జవాబివ్వనందుకు అదనపు ఫైన్, కొన్ని రాష్ట్రాల్లో లైసెన్స్ సస్పెన్షన్, కొన్నిచోట్ల వారెంట్ దాకా పోతుంది. వేరే రాష్ట్రంలో పడింది కదా, ఇంటికెళ్లిపోతే ఎవరడుగుతారు అనుకోవద్దు. రాష్ట్రాలు ఈ సమాచారం ఒకదానికొకటి పంపుకుంటాయి, మీ లైసెన్స్ ఎక్కడిదైతే అక్కడికి వచ్చి తగులుకుంటుంది.

మన పేర్లతో ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ముందుకీ అసలు పేరు వెనక్కీ పోవడం, పొడుగు పేరు సగంలో తెగిపోవడం మామూలే, అందువల్ల కోర్టు వెబ్‌సైట్లో పేరు కొట్టి వెతికితే కేసు దొరక్కపోవచ్చు. దొరకలేదు కాబట్టి కేసే లేదని నిశ్చింతగా ఉండి గడువు దాటించేసుకున్న వాళ్లు నాకు తెలుసు. సైటేషన్ (అంటే టికెట్) నంబర్‌తోనో లైసెన్స్ నంబర్‌తోనో వెతకండి, అప్పటికీ లేకపోతే క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేయండి. పేరులో అక్షరం తప్పుంది, కారు రంగు తప్పు రాశాడు, కాబట్టి టికెట్ చెల్లదు అని మన గ్రూపుల్లో చెప్తుంటారు, నమ్మకండి. అలాంటి చిన్న తప్పుల్ని జడ్జి అక్కడికక్కడే సరిదిద్దించి ముందుకెళ్తారు.

పోరాడాలంటే గడువులోగా నాట్ గిల్టీ అని చెప్పి హియరింగ్ అడగాలి. చాలాచోట్ల ఇది ఆన్‌లైన్లోనో పోస్టులోనో అయిపోతుంది. ఇంగ్లీషులో వాదించడం కష్టమనిపిస్తే ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా అప్పుడే అడగండి. కాలిఫోర్నియా కోర్టుల్లో దీనికి డబ్బు తీసుకోరు. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని వెతకడానికి వాళ్లకి టైమ్ పడుతుంది కాబట్టి ఆ రోజు వెళ్లి అడిగితే వాయిదా పడుతుంది.

ఇక సాక్ష్యం. టికెట్ పడిన రోజే, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే కాగితం మీద పెట్టండి. టైమ్, వాతావరణం, మీరున్న లేన్, ముందూ పక్కనా ఉన్న బండ్లు, కాప్ కారు ఎక్కడ ఆగి ఉంది, ఆయన మీతో ఏమన్నాడు, రాడార్ అన్నాడా లేజర్ అన్నాడా. తర్వాత ఒక రోజు అదే దారిలో అదే టైమ్‌కి వెళ్లి (నడిపేటప్పుడు కాదు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని) స్పీడ్ లిమిట్ బోర్డుల ఫొటోలు తీయండి. కొమ్మ అడ్డొచ్చి బోర్డు కనపడకపోతే ఆ ఫొటో చాలా విలువైనది. డాష్‌క్యామ్ ఉంటే ఆ వీడియో చెరిగిపోకముందే దాచుకోండి, కానీ అందులో మీ వేగం కనిపిస్తుందేమో చూసుకున్నాకే కోర్టుకి తీసుకెళ్లాలి.

ఆ తర్వాత అవతలివాళ్ల దగ్గరున్న కాగితాలు అడగాలి. టికెట్ వెనక కాప్ రాసుకున్న నోట్సు, రాడార్ లేదా లేజర్ క్యాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తుందో లేదో పరీక్షించిన) రికార్డు, ఆ పరికరం మీద ఆయన తీసుకున్న ట్రైనింగ్ వివరాలు, వీడియో ఉంటే అది. రాతపూర్వకంగా పోలీసు డిపార్ట్‌మెంటుకీ ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయర్) ఆఫీసుకీ పంపి, పంపినట్టు రుజువు ఉంచుకోండి. వాళ్లు ఇవ్వకపోతే ఆ సంగతే జడ్జికి చెప్పొచ్చు.

ఈ పరికరాల గురించి కాస్త తెలుసుకుంటే ప్రశ్నలు బాగా వస్తాయి. రాడార్ తరంగం దూరం పోయేకొద్దీ వెడల్పవుతూ పక్క లేన్లని కూడా కప్పేస్తుంది, కాబట్టి ఆ అంకె మీ కారుదేనా, పక్కన దూసుకుపోయిన ట్రక్కుదా అన్నది న్యాయమైన ప్రశ్నే. లేజర్ అలా కాదు, వెయ్యి అడుగుల దూరంలో కూడా దాని వెడల్పు సుమారు 3 అడుగులే, అక్కడ ఈ వాదన పెద్దగా నిలవదు. కాప్ పక్కనుంచి కోణంలో కొలిచాడు కాబట్టి లెక్క తప్పు అని మా ఫ్రెండ్ ఒకడు త్రికోణమితి అంతా వేసుకుని వెళ్లాడు. ఆగి ఉన్న కారులోంచి కోణంలో కొలిస్తే అసలు వేగం కంటే తక్కువే చూపిస్తుంది. అంటే తను ఇంకా ఎక్కువ వేగంతో వెళ్లానని తనే చెప్పుకున్నట్టయింది.

కాలిఫోర్నియాలో ఇంకో మంచి సౌకర్యం ఉంది, కోర్టుకి వెళ్లకుండా రాతలోనే ట్రయల్. టీఆర్-205 అనే ఫారం నింపి మీ వాదన, ఫొటోలు జతచేసి పంపాలి. ఫైన్ మొత్తం ముందే డిపాజిట్ కట్టాలి, గెలిస్తే తిరిగి ఇస్తారు. కాప్ కూడా తన వైపు కథ రాసి పంపాలి. ఇందులో ఓడిపోయినా, తీర్పు పోస్ట్ చేసిన తేదీ నుంచి 20 రోజుల్లోగా టీఆర్-220 ఫారం ఇస్తే మళ్లీ మొదటి నుంచి కోర్టులో ట్రయల్ దొరుకుతుంది. నా రెండో టికెట్ ఈ దారిలోనే నడిచింది. రాతలో ఓడిపోయాను, కోర్టులో గెలిచాను.

ఎలా గెలిచానంటే, నాది 40 జోన్‌లో 54, రాడార్, సెక్షన్ 22350. అక్కడి చట్టంలో స్పీడ్ ట్రాప్ అని ఒక నిబంధన ఉంది. సిటీ రోడ్డు మీద రాడార్‌తో పట్టుకుంటే, ఆ లిమిట్ సరైనదని చూపే ఇంజినీరింగ్ ట్రాఫిక్ సర్వే ఉండాలి, అది మామూలుగా 5 ఏళ్ల లోపుది కావాలి, అంతకంటే పాతదైతే కొన్ని షరతులు నెరవేరినట్టు చూపించాలి. స్కూల్ జోన్లకీ కొన్ని చిన్న వీధులకీ ఇది వర్తించదు. ఆ సర్వే కాపీ సిటీ ట్రాఫిక్ ఇంజినీరింగ్ విభాగాన్ని అడిగితే ఇచ్చారు. చూస్తే ఏడేళ్లు దాటేసింది.

హియరింగ్ రోజు కాప్ వచ్చాడు. రాకపోతే కేసు కొట్టేస్తారని అందరూ ఆశపడతారు, చాలాసార్లు కొట్టేస్తారు కూడా, కానీ దాన్ని నమ్ముకుని ఖాళీ చేతులతో వెళ్లకండి, కొందరు జడ్జిలు వాయిదా వేస్తారు. ఆయన చెప్పేదంతా మధ్యలో అడ్డు తగలకుండా విన్నాను. తర్వాత నా వంతు. రాడార్‌ని ఆ రోజు డ్యూటీ మొదట్లో, చివర్లో ట్యూనింగ్ ఫోర్కులతో టెస్ట్ చేశారా అని అడిగాను, చేశానన్నాడు. ఆ రోడ్డు సర్వే తెచ్చారా అని అడిగాను, తెచ్చానని జడ్జికి ఇచ్చాడు. ఆవిడ రెండు పేజీలు తిప్పి, తేదీ దగ్గర పెన్ను ఆపి, పొడిగింపు కాగితాలు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. లేవు. నేను గొంతు వణుకుతుండగానే, సర్వే గడువు దాటింది కాబట్టి రాడార్ సాక్ష్యం తీసుకోవద్దని, కేసు కొట్టేయమని కోరుతున్నాను అన్నాను. డిస్మిస్డ్ అంది. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు.

నా వేగం ఎంతో మాత్రం నోరు విప్పి చెప్పలేదు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. 'అంత కాదు సార్, 50లోనే ఉన్నాను' అంటే 40 జోన్‌లో మీ కేసుని మీరే ఓడించుకున్నట్టు. 'అందరూ అదే స్పీడ్‌లో వెళ్తున్నారు', 'లిమిట్ ఎంతో తెలియదు', 'ఆఫీసుకి లేటయింది' ఇవేవీ వాదనలు కావు, ఒప్పుకోళ్లు.

అన్నిచోట్లా పూర్తిగా గెలవాల్సిన అవసరం కూడా లేదు, పాయింట్లు పడకుండా చూసుకున్నా లాభమే. న్యూజెర్సీలో ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి అన్‌సేఫ్ డ్రైవింగ్‌కి మార్పించుకుంటారు, మొదటి రెండుసార్లకి పాయింట్లు ఉండవు, కానీ ఫైన్‌తో పాటు 250 డాలర్ల సర్‌చార్జ్ పడుతుంది. టెక్సస్‌లో అర్హత ఉంటే డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేసి కొట్టేయించుకోవచ్చు, అయితే లిమిట్ కంటే 25 మైళ్లు ఎక్కువైతే కుదరదు, గడువు తేదీలోపే అడగాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఏడేళ్లకోసారి డిఫరల్ (కొంతకాలం మళ్లీ టికెట్ పడకపోతే కొట్టేయడం) అడగొచ్చు, కాలిఫోర్నియాలో 18 నెలలకోసారి ట్రాఫిక్ స్కూల్ (పాయింటు పడకుండా చేసే కోర్సు) ఉంది. న్యూయార్క్ సిటీలో మాత్రం ఈ బేరాలేవీ కుదరవు, అక్కడ గెలుపో ఓటమో.

ఏ తీర్పొచ్చినా కోర్టు క్లర్క్ దగ్గర కేసు ముగిసినట్టు ముద్రవేసిన డిస్పొజిషన్ కాపీ తీసుకోండి. గ్రీన్ కార్డ్ ఫారంలో ఎప్పుడైనా పోలీసులు సైటేషన్ ఇచ్చారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది, కేసు కొట్టేసినా అక్కడ నిజమే రాయాలి. పదేళ్ల తర్వాత అడిగితే కోర్టులో పాత రికార్డు దొరక్కపోవచ్చు. నాది స్కాన్ చేసి పాస్‌పోర్ట్ కాపీలున్న ఫోల్డర్లోనే పెట్టాను, అసలు కాగితం ఐ-797ల (ఇమిగ్రేషన్ ఆఫీసు ఇచ్చే నోటీసుల) ఫైల్లో ఉంది.