కండ్లద్దాలు జారుతున్నాయా, నొక్కుతున్నాయా? ఇంట్లోనే సరిచేసుకునే పద్ధతి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ, అంకీసా, ఆసరెల్లి దిక్కు ఫ్రేమ్ కొంచెం వంకర పోయినా చష్మా దుకాణానికని చాలామంది ప్రాణహిత దాటి మంచిర్యాల పోతారు, లేదంటే చంద్రపూర్. పవర్ మారినా, అద్దం పగిలినా పోవాల్సిందే. జారడం, నొక్కడం, ఒక పక్క ఎత్తుగా కూర్చోవడం మాత్రం చాలావరకు ఇంట్లోనే చక్కబడతాయి. తేడా ఎక్కడుందో తేలేదాకా మాత్రం దేన్నీ వంచొద్దు.

ముందుగా ఫ్రేమ్ ఏ రకమో చూసుకోండి. సన్నని లోహపు ఫ్రేమ్ వేళ్లతో వంగుతుంది. మందపాటి ప్లాస్టిక్ వేడి తగిలితేనే వంగుతుంది, చల్లగా ఉండగా వంచితే విరుగుతుంది. చాలా తేలికగా ఉండి, ఎంత వంచినా మళ్లీ మొదటికే వచ్చేది టీఆర్-90 అనే నైలాన్ రకం ప్లాస్టిక్ కావచ్చు. దాని జోలికి పోవద్దు. అంచు లేని అద్దాలను కూడా ఇంట్లో ముట్టొద్దు, స్క్రూ రంధ్రం దగ్గర పగులుతాయి.

ముక్కు మీంచి జారుతున్నాయి

అందరూ చెవి వెనక వంపునే గట్టిగా వంచేస్తారు. అసలు కారణం తరచుగా ముందు భాగంలో ఉంటుంది. ఒంటి చేత్తో తీసే అలవాటు వల్ల కాడలు బయటికి తెరుచుకుని, తలను పట్టుకోవు. ఈ వరుసలో చూడండి:

1. ముక్కు ప్యాడ్లను చల్లని నీళ్లు, ఒక చుక్క సబ్బుతో కడగండి. మిరప కల్లాల్లో పనిచేసేవాళ్లకు చెమట, జిడ్డు పేరుకునే జారడం ఎక్కువ.
2. కాడలు బయటికి విచ్చుకుంటే, లోహపు ఫ్రేమ్‌లో కీలు దగ్గరి మూలను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో కాడను కొద్దిగా లోపలికి వంచండి. మూలను పట్టుకోకపోతే బలమంతా అద్దం మీద పడుతుంది.
3. ప్యాడ్లు దూరంగా ఉంటే రెండింటినీ సమంగా, వెంట్రుకవాసి దగ్గరికి తేండి. దగ్గరికి తెస్తే కండ్లద్దాలు పైకి లేస్తాయి, మొహానికి కొంచెం దూరమవుతాయి. రెప్పవెంట్రుకలు అద్దానికి తగులుతుంటే కూడా ఇదే మందు.
4. చివరికి చెవి. కాడ వంపు చెవి పైభాగం దాటిన వెంటనే మొదలవ్వాలి. అది ఇంకా వెనక్కి ఉంటే జారుతుంది, ముందుకు ఉంటే చెవి వెనక పుండు పడుతుంది. సరైన చోటు పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మరిగిన నీళ్లు, మామూలు నీళ్లు సగం సగం కలిపి కాడ కొనను మాత్రం 30 సెకన్లు ముంచండి. మెత్తబడకపోతే మళ్లీ ముంచండి. పాత వంపు సాపు చేసి, గుర్తు దగ్గర కొత్తది వంచి, చల్లని నీళ్లలో పెడితే నిలుస్తుంది.

వేడి నీళ్లు అద్దానికి అస్సలు తగలకూడదు. మెరుపు రాకుండా వేసిన పూత వేడికి సాలెగూడులా చిట్లుతుంది, దానికి మందు లేదు. 45 డిగ్రీలు దాటే ఇక్కడి మే నెలలో బండి ట్యాంకు మీద, కారు ముందు పలక మీద వదిలేసిన జోడుకూ ఇదే గతి, పైగా ప్లాస్టిక్ ఫ్రేమ్ సాగి వదులవుతుంది.

ఒక అద్దం ఎత్తుగా ఉంది

జోడు పెట్టుకుని మొహం చూసుకునే అద్దంలో చూసుకోండి, బల్ల మీద పెట్టి మాత్రమే తేల్చుకోవద్దు. చాలామందికి రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. కుడి పక్క ఎత్తుగా ఉంటే కుడి కాడను కీలు దగ్గర పైకి వంచాలి. ఇది విన్నప్పుడు తలకిందులుగా అనిపిస్తుంది. కానీ చెవి కదలదు కదా, కాడ పైకి తిరిగితే ముందు భాగమే కిందికి దిగుతుంది. మందపాటి ప్లాస్టిక్ ఫ్రేమ్‌కు ఈ పని దుకాణంలో వేడిగాలి యంత్రం మీదే చేయించాలి.

ఒక అద్దం కంటికి దగ్గరగా ఉంది

కుడి అద్దం దగ్గరగా ఉంటే కుడి కాడను లోపలికి వంచండి. అది తలను ఒత్తి ఆ పక్కను ముందుకు నెడుతుంది.

ముక్కు మీద ఎర్రటి గుంటలు

ప్యాడ్ మొత్తం కాకుండా ఒక్క అంచే ఆనుతోంది. ముక్కు వాలుకు సమంగా పరుచుకునేలా తిప్పండి. ప్యాడ్లు పచ్చబడి గట్టిపడితే కొత్తవి వేయండి. స్క్రూతో బిగించేవీ, నొక్కి దిగేసేవీ వేర్వేరు, పాతది చూపించి అదే సైజు కొనండి. ఆకుపచ్చ మురికి, రాగి కలిసిన లోహానికి చెమట తగిలి పట్టే చిలుము.

కాడ వదులై ఊగుతోంది

గడియారాల చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగించి, స్క్రూ తల మీద రంగులేని గోళ్లరంగు చుక్క వేయండి. ఇన్‌స్టంట్ గ్లూ వద్దు. దాని ఆవిరి అద్దాన్ని తెల్లగా మసకబారుస్తుంది, కీలు కూడా పట్టేస్తుంది.

చదవడానికి తల ఎత్తాల్సి వస్తోంది

గీత ఉన్న రెండు పవర్ల అద్దాల్లో గీత కింది రెప్ప అంచు దగ్గర ఉండాలి. జోడు జారితే గీత కూడా దిగిపోతుంది. మెట్లు దిగేటప్పుడు గీత అడ్డొస్తుంటే జోడు ఎక్కువ పైకి లేచినట్టు, అప్పుడు ప్యాడ్లు కొంచెం దూరం చేయండి. గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలను మీ కంటిపాపకు కొలిచి బిగిస్తారు. వాటికి కడగడం, స్క్రూ బిగించడం వరకే.

గుండ్రటి ఫ్రేమ్‌లో అద్దం వదులై తిరిగిందనిపిస్తే, ముఖ్యంగా సిలిండర్ పవర్ (కంటి డాక్టర్ చీటీలో CYL అని రాసేది) ఉన్నవాళ్లు, చేత్తో సర్దొద్దు. ఆ పవర్ ఒక కోణంలోనే పనిచేస్తుంది. తిరిగిన అద్దంతో తలనొప్పి వస్తుంది, చీటీ పట్టుకుని దుకాణానికి పోవాలి.